బరువు లేని మంచం

మా అక్కను మంచం ఎక్కించిన రోజున బొంబాయిలో మేముండే చాల్, ఆ ఒంటిగదుల మేడ అంతా నా మేనల్లుణ్ణి మెచ్చుకుంది. ఆ మెప్పు ఇప్పటికీ నా చెవుల్లో కారం పోసినట్టే ఉంటుంది.

జరిగింది చిన్న సంగతే. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో, గ్యాలరీ చివర అందరూ నీళ్ళు పట్టుకునే నల్లా దగ్గర పాచి మీద కాలుజారి అక్క తుంటి మీద పడింది. ఆస్పత్రిలో ఫోటో తీశారు. ఎముక విరగలేదు, నొప్పి తగ్గేదాకా పడుకోనిచ్చి తర్వాత మెల్లగా నడిపించమన్నారు. మావాళ్ళు మొదటి సగం విన్నారు. రెండో సగం ఆస్పత్రి మెట్ల మీదే వదిలేసి ఇంటికొచ్చారు. మర్నాడే మేనల్లుడు ఇనుప మంచం తెచ్చాడు. ఆస్పత్రుల్లో ఉండేలాంటిదే, పిడి తిప్పితే తలవైపు పైకి లేస్తుంది. కామాఠిపురాలో గదులు ఎంతెంత ఉంటాయో చూసినవాళ్ళకు చెప్పక్కరలేదు. ఆ మంచం వచ్చాక మా గదిలో మిగిలింది పొయ్యి, దేవుడి అర, మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. మేనల్లుడూ వాడి భార్యా మంచం కిందికి కాళ్ళు చాపి పడుకునేవాళ్ళు. పెళ్ళీ పెటాకులూ లేనివాణ్ణి, అక్క ఇంట్లోనే నా తిండి. నా పడక ఎప్పటిలాగే గ్యాలరీలో.

చాల్లో ఆడవాళ్ళు పెళ్ళికూతుర్ని చూడటానికి వచ్చినట్టు వచ్చారు. పిడి తిప్పించి చూశారు. ఒకామె పరుపు నొక్కి చూసి, "రాణి లెక్కున్నవు పెద్దమ్మా, ఇగ దిగకు" అంది. అక్క నవ్వింది. తరవాత నిజంగానే దిగలేదు, దిగనివ్వలేదు.

మా అక్క ఏం మోసిందో చెప్పాలి. మా అమ్మానాన్నలు పాలమూరు వైపు నుంచి రాళ్ళ పనికి, ఇటుకల పనికి వచ్చిన జనం. వాళ్ళు త్వరగా పోయారు. అక్క పావడా కట్టే వయసులోనే నెత్తి మీద ఇనుప తట్ట ఎత్తుకుంది. వర్లీలో సముద్రం వైపు లేచిన మేడల్లో ఏ మేడకు ఎన్ని అంతస్తులు మోసిందో ఆమెకే తెలియదు. కింద కలిపిన కాంక్రీటు, వెదురు నిచ్చెన, తల మీద చుట్టబట్ట, దాని మీద తట్ట. చేతులతో పట్టుకునేది కాదు. మెడ నిలువుగా ఉండేది, నడుము మాత్రం ఊగేది. ఆ తట్టలతోనే నన్ను బడికి పంపింది. నాలుగో తరగతితో నా బడి అయిపోయింది. ఆ తర్వాత నన్ను చదివించింది ఫోరస్ రోడ్‌లో రద్దీ దుకాణం, అంటే పాత కాగితాలు తూకానికి కొనే కొట్టు, దాదర్‌లో మన తెలుగువాళ్ళ గ్రంథాలయం. మా మేస్త్రీలు మాత్రం ఇచ్చే కూలీలోనే ఇంత కోసుకుని, మోసిన ఆడదాన్ని 'బాయీ' అనే తప్ప పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు.

నేను ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపాను. స్టూలు మీద కూర్చుని మీట నొక్కడం, తలుపు మూయడం, మధ్యలో చదువుకోవడం. అందులో తెలిసొచ్చిన విషయం ఒకటుంది. లిఫ్టు పైకి కదిలిన క్షణంలో మనిషి బరువెక్కుతాడు. కాళ్ళలోకి ఏదో దిగినట్టుంటుంది. కిందికి కదిలినప్పుడు కడుపులో ఖాళీ అవుతుంది. కోటు వేసుకున్న పెద్దమనుషులు కూడా ఆ క్షణంలో గోడ పట్టుకునేవారు. బరువు మన ఒంట్లో లేదు, కింద నేల మనల్ని ఎంత గట్టిగా తోస్తే అంతే మన బరువు అని నాకు అక్కడ అర్థమైంది. అప్పట్లో అది ఎందుకూ పనికిరాని తెలివి.

అక్క మంచం ఎక్కిన తర్వాత చలికాలంలో, రద్దీ దుకాణంలో ఒక మరాఠీ సైన్సు పత్రిక దొరికింది. అందులో అంతరిక్షంలో మనుషుల ఆరోగ్యం గురించి పొడుగాటి వ్యాసం. పైన తిరిగే ఓడలో బరువు ఉండదు కదా. అక్కడ ఎముకకు పని లేదు. పని లేని ఎముక తనలోని సున్నాన్ని వదిలేస్తుందట, అది మూత్రంలో పోతుందట. తొడ, తుంటి, నడుము, అంటే నేల మీద మనల్ని మోసేవి ఏవో అవే ముందు గుల్లవుతాయి. పిక్కలు కరుగుతాయి. గుండె కూడా బద్ధకిస్తుంది. కిందికి దిగిన వీరులను కుర్చీలలో మోసుకుపోతారు. దీనికి మందు ఏమిటంటే బరువునే తయారు చేయడం అని కొందరు శాస్త్రవేత్తల ఆలోచన. ఓడను గుండ్రంగా తిప్పితే లోపలి మనుషులు అంచుకు అతుక్కుంటారు, ఆ అంచే వాళ్ళకు నేల అవుతుంది. జాత్రలో మృత్యుకూపం చూసినవాళ్ళకు ఇది చెప్పక్కరలేదు. చెక్కల బావి గోడ మీద మోటారు సైకిలు అడ్డంగా తిరుగుతుంది, వాడు పడడు. వాణ్ణి గోడకు అదుముతున్నది ఏదో అదే ఈ కృత్రిమ బరువు.

ఇంతవరకూ సరదాగానే చదివాను. తర్వాతి పేజీలో చెయ్యి ఆగింది. ఇదంతా నేల మీద పరీక్షించడానికి ఆరోగ్యంగా ఉన్న మనుషులను ఏరి, తల కాస్త వాలుగా ఉండే మంచాల మీద వారాల తరబడి పడుకోబెడతారట. లేవనివ్వరు. తిండి, స్నానం, అన్నీ అక్కడే. వాళ్ళ ఎముకలు, పిక్కలు అంతరిక్షంలో ఉన్నవాళ్ళ లాగే చెడతాయట. వాళ్ళలో కొందరిని రోజూ నడిమి ఇరుసు చుట్టూ తిరిగే పొడుగాటి ఇనుప కాడికి కట్టి, తల నడుమ, కాళ్ళు అంచువైపు ఉంచి తిప్పుతారు, బరువు పాదాల్లోకి దిగడానికి. ఎంతసేపు తిప్పాలి, ఎంత జోరుగా తిప్పాలి అన్నది ఇంకా తేలలేదని రాశారు.

ఆ మంచం మీది మనిషిని నేనెరుగుదును. మా గదిలోనే ఉంది.

పత్రిక పట్టుకుని ఇంటికొచ్చి అక్క కాలి మీది దుప్పటి తీశాను. తాళ్ళలా బిగిసి ఉండే పిక్కలు జారిపోయి ఉన్నాయి. రోజూ ఆమెను కడిగి తుడిచే కోడలు నాకంటే ముందే చూసింది. "పట్టుకుంటె ఖాళీ సంచి లెక్కున్నది మామా. నాకు బుగులైతున్నది" అని మెల్లగా చెప్పింది.

మేనల్లుడు పని నుంచి రాగానే వ్యాసం చదివి వినిపించాను. వాడు చెడ్డవాడు కాదు. అది ముందే చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు తప్పుగా అర్థమవుతుంది. ఓపిగ్గా విన్నాడు. విని, "మామా, నీ అంతరిక్షం నీ దగ్గరే పెట్టుకో" అన్నాడు. "జిందగీ అంత మోసింది. బస్. ఇగ ఆమె కాలు కింద పెట్టనియ్య."

"పెట్టకుంటె ఆ కాలు ఉండదురా."

"లేకుంటె నేను మోస్తా. కొడుకునున్న."

దీనికి వెనక ఒక ఆనవాయితీ ఉంది. మా చాల్లో కొడుకు మొదటి జీతం తెచ్చిన ఏడు హోళీ నాడు, తల్లి చుట్టబట్టను గల్లీలో మంటలో వేస్తాడు. ఇంకెప్పుడూ నా తల్లి నెత్తి మీద బరువు ఉండదని పదిమంది ముందు అంటాడు. ఎవడు మొదలుపెట్టాడో తెలియదు. నా మేనల్లుడికి ప్యూను ఉద్యోగం దొరికిన ఏడు వాడూ వేశాడు. అక్క ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తప్పేముంది? తరతరాలుగా నెత్తి మీద కూర్చున్న తట్టను కాల్చేస్తే ఎవడు ఏడవడు? కానీ ఆ మంట తర్వాత ఆ తల్లి నీళ్ళ బిందె ఎత్తకూడదు. బజారు సంచీ పట్టకూడదు. పట్టిందా, కొడుకు చేతకానివాడని గ్యాలరీ అంతా అంటుంది. కాబట్టి తల్లులు కూర్చుంటారు. కాళ్ళు వాస్తాయి, ఒకసారి పడతారు, తర్వాత మంచం, తర్వాత పాడె మోత. మా చాల్లో మోసినవాళ్ళకంటే మోయడం మానేసినవాళ్ళే ముందు పడ్డారని నాకనిపిస్తుంది. దాన్ని పట్టించుకుని చూసేవాడు ఎవడూ లేడు. అంతరిక్షంలో తిరిగేవాడి తొడ ఎముకకు ఇంతమంది కాపలా ఉన్నారు. ఈ గల్లీలో ముసలిదాని తొడ ఎముకకు ఒక్కడు లేడు.

బరువు మంచిదని నేననను. ఎవరైనా నా రాతను అలా చదివితే చెప్పు తీసుకుంటాను. ఆ తట్టలు అక్క మోకాళ్ళను అరగదీశాయి, నడినెత్తిన జుట్టు ఊడగొట్టాయి. గుడిసె గోడ మీద గానీ మేడ గోడ మీద గానీ ఆమె పేరు లేదు. కానీ మోయించి చంపడం, మొయ్యనీయక చంపడం, ఈ రెండే దారులా మా ఆడవాళ్ళకు?

మునిసిపల్ దవాఖానాలో ఒక డాక్టరమ్మ ఉంది, చిన్న వయసు. బతిమాలితే మా మెట్లెక్కి వచ్చింది. అక్క పాదాలు నొక్కింది, పక్కకు తిప్పి వీపు చూసింది. నా వ్యాసం గురించి చెప్పబోతే, తెలుసు బాబా అని నవ్వింది. నాకంటే చాలా తెలుసు ఆమెకు. ఎముకలు పల్చబడ్డాయి, మాత్రలు రాస్తాను, కానీ నిలబడకపోతే ఒక్క మాత్ర కూడా పని చెయ్యదు, రోజూ పట్టుకుని నిలబెట్టండి, జాగ్రత్తగా, ఒక్కరే వద్దు అని హిందీలో విడమరచి చెప్పింది. మేనల్లుడు అదే రోజు మాత్రలు తెచ్చాడు. నిలబెట్టమన్న మాటను మళ్ళీ మెట్ల మీదే వదిలేశాడు. మా వంశంలో సగం వినడం ఒక విద్య.

అప్పుడు కోడలు, నేను ఒక నిర్ణయానికి వచ్చాం. వాడు పనికి వెళ్ళాక మధ్యాహ్నం పూట అక్కను లేపాలి.

మొదటి రోజు కూర్చోబెట్టగానే ఆమెకు కళ్ళు తిరిగాయి. కాళ్ళు కిందికి వేలాడేసి కొంతసేపు, తర్వాత మళ్ళీ పడక. అలా కొన్నాళ్ళు గడిచాక ఇద్దరం చెరో రెక్క పట్టి నిలబెట్టాం. నిలబడింది గానీ నిలకడ లేదు. ముందుకు తూలుతుంది, సర్దితే వెనక్కి తూలుతుంది. పడుకుని పడుకుని కింద ఎటో, పైన ఎటో ఒళ్ళు మరిచిపోయింది. పైకి లేపిన మంచం తలవైపు చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అంది.

"తమ్మీ, నెత్తి మీద ఏమన్న పెట్టున్రి. ఖాళీ నెత్తితోని నిలబడుడు నాకెప్పుడొచ్చింది?"

నేను కోడలి వంక చూశాను. కోడలి ముఖం పాలిపోయింది. "అత్తమ్మా, ఆయనకు తెలిస్తె నన్ను పుట్టింటికి తోలుతడు."

"తోలితె నన్ను గూడ తీస్కపో. మీ అమ్మ మంచిగ వండుతది" అంది అక్క.

తువ్వాలును చుట్టగా చుట్టింది కోడలు. దాని మీద చిన్న స్టీలు గిన్నెలో గుప్పెడు బియ్యం పోసి పెట్టాం. పసిపిల్ల ఎత్తే బరువు. గిన్నె తల మీద కూర్చోగానే అక్క గడ్డం కొద్దిగా పైకి లేచింది. మెడ నిలబడింది. మెడ వెనకే వీపు, వీపు వెనకే నడుము. చట్రం మీది చేతులు ఒకదాని తర్వాత ఒకటి వదిలేసింది. నేను ఆమె నడుము దగ్గర చేతులు ఉంచాను, తాకలేదు. శాస్త్రవేత్తలు దీనికి ఏమంటారో నాకు తెలియదు. నాకనిపించింది ఇదీ: మేం ఆమె తల మీద పెట్టింది బరువు కాదు, కింద ఎటో చెప్పే గుర్తు.

ఆ తర్వాత మధ్యాహ్నాలు మాకు పండగలు. తలుపు దాకా వచ్చింది. తలుపు దాటింది. అన్నం రుచిగా ఉందనేది, అంతకుముందు నాలుక మీద గడ్డి అనేది. రాత్రి మేనల్లుడు వచ్చేసరికి రాణిలా పడుకుని ఉండేది. తల్లి ముఖంలో కళ వచ్చిందని వాడే సంబరపడి మాత్రలు ఇంకా తెచ్చాడు.

ఒక రోజు నేను వద్దంటున్నా గ్యాలరీ కటకటాల దాకా నడిచింది. కోడలు పక్కనే ఉంది. నెత్తి మీద గిన్నె. కటకటాలు పట్టుకుని కిందికి చూసింది. గల్లీలో కూరగాయల బండి, తోపుడు బండి మీద ఇడ్లీలవాడు, ఎదుటి గోడకు ఆరేసిన బట్టలు. చాలాసేపు చూసింది. ఎదుటి చాల్ గ్యాలరీలో ఆడవాళ్ళు కూడా ఆమెను చూశారు.

సాయంత్రానికల్లా గల్లీ నోళ్ళలో పడి ఆ గిన్నె తట్ట అయింది. బియ్యం ఇసుక అయింది. ఫోరస్ రోడ్ చాయ్ దుకాణం దగ్గర ఎవడో మేనల్లుణ్ణి ఆపి అడిగాడట: "ఏందిరా, అమ్మను మళ్ల నాకాకు తోలుతున్నవా?" నాకా అంటే పొద్దున్నే కూలీలు పని కోసం నిలబడే కూడలి. మా జనంలో దీన్ని మించిన తిట్టు లేదు.

వాడు కేకలు వేస్తూ వస్తాడనుకున్నాను. వచ్చి చెప్పులు విడిచాడు. తువ్వాలు తీసి మడిచాడు. గిన్నెలో బియ్యం డబ్బాలో పోశాడు. భార్యను ఏమీ అనలేదు, ఆ అనకపోవడమే ఆమెకు చాలా రోజులు శిక్ష అయింది. మంచం పక్కన కింద కూర్చుని, తల్లి చేయి మీద నుదురు పెట్టి ఏడ్చాడు. యాభై దాటిన మగవాడు.

"నన్ను నవ్విన్రమ్మా. మంట ముంగల అన్న మాట అబద్ధమైపాయె."

నేను ఊరుకోలేదు. ఆ నవ్వేవాళ్ళు రేపు మీ అమ్మ ఎముక విరిగితే వచ్చి మోస్తారా అన్నాను. మంటలో వేసింది బట్టనురా, తల్లి కాళ్ళను కాదు అన్నాను. ఇంకా చాలా అన్నాను, అన్నీ న్యాయమైన మాటలే. ఇవాళ అడిగినా అవే అంటాను. వాడు తల ఎత్తలేదు. అక్క ఎత్తింది.

"వద్దు తమ్మీ. వాడు నవ్వులపాలు గావద్దు. నేను పండుకుంట."

"కాళ్లు పోతయక్కా."

"పోనియ్. గీ కాళ్లతోని నేను ఎక్కడికి పోయేదున్నది?"

ఆమె తనంతట తనే కాళ్ళు మంచం మీదికి తీసుకుంది. ఆ పని అప్పటికి ఒంటరిగా చేయగలిగేది. తర్వాత నేను ఎన్ని మధ్యాహ్నాలు బతిమాలానో. కోడలూ బతిమాలింది. కొడుకు చూడకపోయినా ఎదుటి చాల్ చూస్తుందనేది అక్క. నాకు అక్క మీద కూడా కోపం వచ్చింది, దాచను. జీవితమంతా ఇంకొకరి ఇంటి గోడల కోసం మోసింది. చివరికి కొడుకు పరువును కూడా పడుకుని మోసింది. ఆ బరువు మాత్రం ఎముకకు పనికిరాలేదు.

ఎండాకాలం వచ్చేసరికి పక్కకు తిరగడానికి సాయం కావలసివచ్చింది. వానలు మొదలైన రోజుల్లో ఒక ఆదివారం, దుప్పటి మార్చడానికి మేనల్లుడే తల్లిని తన వైపు తిప్పుకున్నాడు. మెల్లగానే తిప్పాడు, నేను చూస్తూనే ఉన్నాను. పడలేదు, తగల్లేదు. ఎండిన వెదురు విరిగినట్టు సన్నటి చప్పుడు వచ్చింది. అక్క అరవలేదు. దుప్పటి అంచును పిడికిట్లో పట్టేసింది. వాడు చేతులు అలాగే ఉంచి, ఏమైంది, ఏమైంది అని నన్ను అడిగాడు. తొడ ఎముక.

ఆస్పత్రిలో ఎముక స్క్రూలు పట్టదన్నారు, గుండె మత్తుమందు తట్టుకోదన్నారు. కాలికి బరువు వేలాడదీసి కొన్నాళ్ళు ఉంచి ఇంటికి పంపారు. అదే ఇనుప మంచం. దవాఖానా డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరినీ ఏమీ అనలేదు. విరగని కాలి పాదానికి రోజూ అరచేయి ఆనించి తోయమనండి, కాస్త పని ఉంటే ఆ కాలైనా పూర్తిగా చావదు అని చూపించి వెళ్ళింది.

అప్పటి నుంచి పొద్దునా సాయంత్రమూ మంచం కాళ్ళ దగ్గర కూర్చుని నా అరచేతిని అక్క పాదానికి ఆనించేవాణ్ణి. "నూకక్కా" అనేవాణ్ణి. పడుకున్న మనిషికి నేను తెచ్చిపెట్టగలిగిన నేల అంతే. మొదట్లో మడమ నుంచి ఒక తోపు వచ్చేది, నా మణికట్టు కదిలేది. తర్వాత వేళ్ళు మాత్రం ముడుచుకునేవి. తర్వాత తోసిందో, నా నాడే కొట్టుకుందో తెలిసేది కాదు.

మొన్న సాయంత్రం మేనల్లుడు పని నుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా నా పక్కన నేల మీద కూర్చున్నాడు. నా చేతిని చూశాడు. తర్వాత తన చెయ్యి చాపాడు.

"ఎంత గట్టిగ నూకాలె మామా?"

నేను లేచి చోటిచ్చాను. "నువ్వు నూకకు. ఆమె నూకుతది. నువ్వు నేల లెక్క ఉండు."

వాడు అరచేతిని తల్లి పాదానికి ఆనించి, మోచేయి మోకాలి మీద పెట్టుకుని, కదలకుండా కూర్చున్నాడు. అక్క కళ్ళు మూసుకుని మెల్లగా ఊపిరి తీస్తోంది. కోడలు పొయ్యి కట్టేసింది. నూకుతున్నదా అని అడిగాను. వాడు మోచేతిని మోకాలికి ఇంకాస్త అదిమి పెట్టుకున్నాడు, చెయ్యి తియ్యలేదు.